గాబుల్డీగూక్ అని దేన్ని అనాలి?

గాబుల్డీగూక్. డాబుగా, చదివేవాళ్లకు అర్థం కాకుండా రాసే గజిబిజి భాషకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఇది. ఈ మాట పలికితే చాలు, నవ్వొస్తుంది. చిన్నపిల్లలు ఆడుకుంటూ పుట్టించిన మాటలా ఉంటుంది. అందుకే కాబోలు, దీన్ని ఎలా పడితే అలా వాడేస్తున్నారు. తమకు అర్థం కానిదల్లా గాబుల్డీగూక్ అయిపోయింది. క్వాంటమ్ ఫిజిక్స్ పాఠం గాబుల్డీగూక్. పక్క టీమ్ వాళ్లు రాసిన కోడ్ గాబుల్డీగూక్. స్కాన్ రిపోర్టులో రేడియాలజిస్టు రాసిన నాలుగు లైన్లు గాబుల్డీగూక్.

నాకు ఇది నచ్చదు. మాటల అర్థాలు కాలంతో పాటు మారతాయి, కాదనను. కానీ ఈ మాట పుట్టింది మనకు అంతుపట్టని ప్రతిదాన్నీ వెక్కిరించడానికి కాదు. మనకు అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత తమ మీద ఉండి కూడా చెప్పని వాళ్లను నిలదీయడానికి. నా ఉద్యోగం టెక్నికల్ రైటింగ్. కంపెనీల నుంచి కస్టమర్లకు వెళ్లే ఉత్తరాలు, నోటీసులు, యూజర్ మాన్యువల్స్ రాస్తాను, వేరేవాళ్లు రాసినవి దిద్దుతాను. రోజూ ఆ తేడా మీదే నా పని నడుస్తుంది కాబట్టి, అది చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

చాలా మాటలు ఎక్కడ పుట్టాయో ఎవరూ చెప్పలేరు. ఈ మాటకు మాత్రం పుట్టిన సంవత్సరం, పుట్టించిన మనిషి, పుట్టిన ఆఫీసు అన్నీ తెలుసు.

1944, రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్న సమయం. వాషింగ్టన్‌లో స్మాలర్ వార్ ప్లాంట్స్ కార్పొరేషన్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. యుద్ధ సామగ్రి కాంట్రాక్టులన్నీ పెద్ద కంపెనీలకే పోకుండా చిన్న ఫ్యాక్టరీలకు కూడా వాటా దక్కేలా చూడటం కోసం దాన్ని 1942లో పెట్టారు. 1944లో దానికి ఛైర్మన్‌గా వచ్చినాయన మోరీ మావెరిక్. టెక్సస్ మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఆర్గాన్ దగ్గర పోరాడి తీవ్రంగా గాయపడ్డాడు. 1935 నుంచి 1939 దాకా అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడు, ఆ తర్వాత శాన్ ఆంటోనియో నగరానికి మేయర్. ఉన్నమాట మొహం మీదే అనేసే రకం.

వాషింగ్టన్ ఆఫీసుల్లో కాగితాలు చదివీ చదివీ ఆయనకు విసుగొచ్చింది. ఆ ఏడాది మార్చిలో తన సిబ్బంది అందరికీ ఒక మెమో పంపాడు. పొట్టిగా రాయండి, ఏం చెప్పదలుచుకున్నారో అది చెప్పండి, గాబుల్డీగూక్ భాష జోలికి పోకండి అన్నాడు. అసలు విషయాన్ని, వీలైతే ముగింపుని కూడా మొదటి పేరాలోనే పెట్టమన్నాడు. మొత్తం కథ ఒక్క పేజీలో ఉండాలన్నాడు. లెక్కలూ వివరణలూ తప్పనిసరైతే వెనక జతచేయమన్నాడు. ఇక చివర్లో ఒక హెచ్చరిక: 'యాక్టివేషన్', 'ఇంప్లిమెంటేషన్' అనే మాటలు వాడినవాళ్లను కాల్చేస్తారు! ఒక ప్రభుత్వ సంస్థ అధిపతి, యుద్ధకాలంలో, అధికారికమైన మెమోలో పెట్టిన మాట ఇది. ఇక పత్రికలు వదులుతాయా?

రెండు నెలలు తిరక్కుండానే, మే 21న, న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఈ మాట మీద ఆయనే ఒక వ్యాసం రాశాడు. ఈ మాట నీకెక్కడ దొరికిందయ్యా అని అడుగుతున్నారు, నాకూ తెలియదు అన్నాడు. బహుశా టెక్సస్‌లో తాను చూసిన ముసలి టర్కీ కోడిపుంజు గుర్తొచ్చి ఉంటుందట. మెడ కింద గడ్డంలా వేలాడే ఈకలతో, రొమ్ము విరుచుకుని, గబుల్ గబుల్ అని అరుస్తూ, తానేదో మహారాజునన్నట్టు నడిచేదట అది. ఆ అరుపు చివర 'గూక్' అని ఒక చప్పుడు వచ్చేదట. 

నా వాదనకు పునాది ఇక్కడే ఉంది. ఆ కోడిని పెట్టుకుని ఆయన వెక్కిరించింది దాని అరుపు అర్థం కాకపోవడాన్ని కాదు. ఆ అరుపుతో పాటు ఉన్న నడకను, ఆ ఠీవిని. కాకి అరుపూ మనకు అర్థం కాదు, కప్ప అరుపూ అర్థం కాదు. ఆయనకు గుర్తొచ్చింది మాత్రం రొమ్ము విరుచుకు తిరిగే పుంజు. అంటే పుట్టినప్పుడే ఈ మాటలో రెండు సంగతులున్నాయి: డాబు, ఆ డాబు వెనక ఏమీ లేకపోవడం. క్వాంటమ్ ఫిజిక్స్ పాఠంలో మొదటిది లేదు, రెండోదీ లేదు. పాపం దాన్నెందుకు తిట్టడం?

మావెరిక్ అనే ఇంటిపేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 'మావెరిక్' అంటే ఎవరి దారికీ రాని మనిషి, మంద కట్టని మనిషి అని ఇంగ్లీషులో అర్థం. ఆ మాట ఈయన తాత శామ్యూల్ మావెరిక్ పేరు నుంచే వచ్చింది. ఆయన లాయరు, 1836లో టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. 1840ల్లో తనకు రావాల్సిన బాకీ కింద సుమారు 400 పశువులు ఆయన చేతికొచ్చాయి. పశువుల మీద ఆయనకు ఆసక్తి లేదు, వాటిని చూసుకునేవాళ్లు దూడలకు యజమాని ఎవరో తెలిపే ముద్రలు కూడా సరిగా వేయలేదు. దాంతో చుట్టుపక్కల ముద్ర లేని దూడ ఎక్కడ కనబడినా అది మావెరిక్‌ది అనడం అలవాటైంది. తాత తలపెట్టకుండానే ఒక మాట ఇచ్చాడు, మనవడు కోపంతో ఇంకొకటి ఇచ్చాడు. ఒకే కుటుంబం నుంచి ఇంగ్లీషుకు ఇలా రెండు మాటలు రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. ఈ కోపం ఆ ఆఫీసులోనే ఎందుకు పుట్టింది? పెద్ద కంపెనీకి వాషింగ్టన్‌లో లాయర్లు ఉంటారు. ప్రభుత్వం నుంచి ఎంత మెలికల కాగితం వచ్చినా, దాన్ని విప్పి చెప్పడానికి జీతాలు తీసుకునే మనుషులుంటారు. చిన్న ఫ్యాక్టరీ యజమానికి ఎవరున్నారు? పగలంతా మెషిన్ల దగ్గర నిలబడి, రాత్రి ఆ కాగితం తానే చదువుకోవాలి. అర్థం కాకపోతే టెండర్ వేయడు. కాంట్రాక్టు మళ్లీ పెద్ద కంపెనీకే పోతుంది. ఎవరూ ఆయనను కాదన్నది లేదు, తలుపు వేసిందీ లేదు. కాగితం భాషే ఆయనను బయట నిలబెట్టేసింది. చిన్నవాళ్లకు కాంట్రాక్టులు ఇప్పించడానికే ఉన్న సంస్థ అలా రాస్తే ఆ సంస్థ ఉన్నా లేనట్టే. మావెరిక్ దీన్ని సాహిత్య అభిరుచి విషయంగా చూడలేదు. నేనూ చూడను.

ఆ కాలపు వాషింగ్టన్ భాష ఎలా ఉండేదో తెలియడానికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. 1942లో, వైమానిక దాడి జరిగితే ప్రభుత్వ భవనాల్లో వెలుతురు బయటికి కనబడకుండా ఏం చేయాలో ఒక ఉత్తర్వు తయారైంది. దాని ధోరణి తెలుగులో సుమారుగా ఇలా ఉంటుంది: "వైమానిక దాడి సంభవించిన సమయమున, ఎంతటి కాలావధికైనను, అంతర్గత లేక బాహ్య ప్రకాశము కారణముగా దృగ్గోచరము కాకుండునట్లు, సమస్త ఫెడరల్ భవనములను, ఫెడరల్ ప్రభుత్వము ఆక్రమించియున్న ఫెడరలేతర భవనములను సంపూర్ణముగా మరుగుపరచు సన్నాహములు చేయబడవలెను."

ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ దాన్ని చదివి, ఇలా చెప్పండి అన్నాడు: పని ఆపడానికి వీల్లేని భవనాల్లో కిటికీలకు ఏదైనా అడ్డం పెట్టమనండి. పని కాసేపు ఆపగలిగిన చోట లైట్లు ఆర్పేయమనండి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది పొట్టిగా ఉంది, నిజమే. కానీ నాకు ముఖ్యం పొట్టి పొడవులు కాదు. మొదటి వాక్యంలో లేని సమాచారం రెండోదాంట్లో ఉంది! పని ఆపగలిగిన చోట ఒకటి, ఆపలేని చోట ఇంకొకటి చేయాలన్న తేడా మొదటిదాంట్లో ఎక్కడుంది? 'సన్నాహములు చేయబడవలెను' అంటే ఎవరు చేయాలి, ఏం చేయాలి? బాంబులు పడేటప్పుడు వాచ్‌మన్ చేతిలో ఆ కాగితం పెడితే అతను ఏం చేస్తాడు? చాలామంది ఇలాంటి భాషను 'కష్టంగా ఉన్నా కచ్చితంగా ఉంటుంది' అని సమర్థిస్తారు. ఇక్కడ కచ్చితంగా ఉన్నది సులువైన వాక్యమే.

మావెరిక్ తన మెమోలో మెచ్చుకున్న ఒక వాక్యం ఉంది. 1942 జనవరిలో అమెరికన్ నేవీ పైలట్ డొనాల్డ్ మేసన్ అట్లాంటిక్ మీద నుంచి పంపినట్టు చెప్పే నాలుగు మాటల వైర్‌లెస్ సందేశం: సైటెడ్ సబ్, శాంక్ సేమ్. జలాంతర్గామి కనబడింది, ముంచేశాను. చెప్పాల్సిందంతా ఇందులో ఉంది చూడండి అన్నాడు మావెరిక్. చిత్రం ఏమిటంటే, అది నిజం కాదు. ఆ రోజు అక్కడ జర్మన్ జలాంతర్గామి ఏదీ మునగలేదని యుద్ధం అయ్యాక రికార్డులు తిరగేస్తే తేలింది. మేసన్ ఆ తర్వాత మార్చిలో నిజంగానే ఒకదాన్ని ముంచాడు, అది వేరే సంగతి.

ఇది చెబితే నా స్నేహితులు కొందరు, చూశావా, సూటిగా చెప్పినంత మాత్రాన నిజమైపోదు అంటారు. అవును, అయిపోదు. కానీ అది అబద్ధమని మనకెలా తెలిసింది? సూటిగా ఉంది కాబట్టే తెలిసింది. 'ముంచేశాను' అన్నాడు. మునిగిందా లేదా అని చూశారు, మునగలేదు. అదే సందేశాన్ని గాబుల్డీగూక్‌లో రాసి ఉంటే? 'శత్రు జలాంతర్గత కార్యకలాపాలకు సంబంధించి తగిన నిరోధక చర్యలు అమలు చేయబడినవి' అని ఉంటే, ఇప్పటికీ ఎవరూ తప్పు పట్టలేరు. చర్యలు అమలయ్యాయి కదా మరి! ఆ వాక్యం ఎప్పటికీ అబద్ధం కాదు, ఎందుకంటే అది దేనికీ కట్టుబడలేదు. గాబుల్డీగూక్ అంటే నేను చెప్పుకునే అర్థం ఇదే: తప్పని ఎవరూ నిరూపించలేకుండా రాసిన రాత. కష్టమైన ఫిజిక్స్ సమీకరణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క ప్రయోగం ఎదురు తిరిగితే అది కూలిపోతుంది. అది తెలిసే దాన్ని బయటపెడతారు.

ఇది ఎలా తయారవుతుందో నా పనిలో దగ్గర నుంచి చూస్తుంటాను. ఒక కంపెనీ కస్టమర్లకు పంపాల్సిన ఉత్తరం ఉదాహరణగా చెబుతాను. నేను రాసిన వాక్యం: "మా సిస్టమ్‌లో తప్పు వల్ల మీ దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకున్నాం. వారంలోగా తిరిగి ఇస్తాం." ఇది రివ్యూకి వెళ్లింది. 'తప్పు' అనే మాట మరీ ఘాటుగా ఉందని ఒకరు దాన్ని 'సాంకేతిక అంతరాయం' చేశారు. అందరి దగ్గరా తీసుకోలేదు కదా అని ఇంకొకరు 'మీ దగ్గర'ను 'కొన్ని లావాదేవీలు'గా మార్చారు. 'తీసుకున్నాం' అని ఒప్పుకోవడం ఎందుకని లీగల్ వాళ్లు 'నమోదై ఉండవచ్చు' అన్నారు. వారం అని చెప్పి ఎనిమిదో రోజు ఇస్తే గొడవ అని అకౌంట్స్ వాళ్లు 'సాధ్యమైనంత త్వరగా' పెట్టారు. చివరికి తేలింది ఇది: "ఒక సాంకేతిక అంతరాయం కారణంగా కొన్ని లావాదేవీలు ఒకటికన్నా ఎక్కువసార్లు నమోదై ఉండవచ్చు, తగిన సవరణ ప్రక్రియ సాధ్యమైనంత త్వరగా ప్రారంభించబడుతుంది."

మొదటి వాక్యంలో నాలుగు సంగతులున్నాయి. తప్పు ఎవరిది, ఎవరి డబ్బు, ఏం జరిగింది, ఎప్పుడిస్తారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసేశారు. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరికి వారు తమ డిపార్ట్‌మెంట్‌ను కాపాడుకున్నారు, అంతే. కానీ ఆ ఉత్తరం అందుకున్న మనిషి సంగతి? నా డబ్బు వస్తుందా రాదా అని టెన్షన్ పడుతూ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తారు. గాబుల్డీగూక్ రాయడానికి కుట్ర అక్కర్లేదు. ప్రతి ఒక్కరూ తమ మీదికి ఏమీ రాకుండా చూసుకుంటే చాలు, అది దానంతటదే పుడుతుంది. ఈ ఉత్తరం విషయంలో వాదించి వాదించి తేదీ ఒక్కటి మాత్రం తిరిగి పెట్టించగలిగాను. ఆ ఒక్క తేదీ ఉన్నా చదివేవాళ్లకు అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

చట్టపరమైన కాగితాలు అలా ఉండక తప్పదు అనే వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. కొంతవరకు ఒప్పుకుంటాను. కోర్టులు దశాబ్దాలుగా అర్థం స్థిరపరచిన మాటలు కొన్నుంటాయి, వాటిని కదిలిస్తే కొత్త తగాదాలు వస్తాయి. కానీ ఆ మాటలు ఎన్ని? 1975లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద బ్యాంకు, ఇప్పటి సిటీబ్యాంక్, తన వ్యక్తిగత రుణ పత్రాన్ని మామూలు ఇంగ్లీషులో తిరగరాయించింది. అప్పు తీసుకున్నవాళ్లు ఎప్పుడు ఒప్పందం తప్పినట్టో చెప్పే నిబంధన పాత పత్రంలో ఊపిరాడకుండా సాగేది. కొత్తదాంట్లో రెండే సంగతులు మిగిలాయి: నేను వాయిదా సమయానికి కట్టకపోతే, లేదా మీ దగ్గరున్న నా డబ్బును ఇంకో అప్పులవాళ్లు చట్టప్రకారం లాక్కోవాలని చూస్తే. అంతే. మిగతావి ఏమయ్యాయి? తీసేశారు. సులువైన మాటల్లో పెట్టాలని కూర్చునేసరికి, ఇది మనకు నిజంగా కావాలా అనే ప్రశ్న ప్రతి క్లాజు దగ్గరా వచ్చింది. పాత భాషలో ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే రాలేదు. నా మట్టుకు, సులువుగా రాయడం వల్ల వచ్చే అసలు లాభం ఇది. చదివేవాళ్లకన్నా ముందు, రాసేవాళ్లకే తాము ఏం అంటున్నారో తెలుస్తుంది.

రేడియాలజిస్టు రిపోర్టు సంగతి వేరు. ఆ నాలుగు లైన్లు ఇంకో డాక్టరు కోసం రాసినవి. ఆ డాక్టరుకు ఒక్కో మాటా ఒక కచ్చితమైన చోటును, కొలతను చెబుతుంది. అది వృత్తి పరిభాష. ప్రతి వృత్తికీ ఉంటుంది, ఉండాలి కూడా. అవే మాటలు తిన్నగా పేషెంటుతో అనేసి, 'అర్థమైంది కదా' అని లేచి వెళ్లిపోతే అప్పుడది గాబుల్డీగూక్ అవుతుంది. మాటలు మారలేదు, వినేవాళ్లు మారారు, చెప్పేవాళ్ల బాధ్యత మారింది. ఈ తేడా వదిలేసి అన్నింటినీ ఒకే గాటన కడితే, నష్టపోయేది సామాన్యుడే. అర్థం కాని ప్రతిదీ గాబుల్డీగూకే అయితే, నాకు ఇన్సూరెన్స్ పాలసీ అర్థం కాకపోవడం, రాకెట్ సైన్స్ అర్థం కాకపోవడం ఒకటే అవుతాయి. అంటే లోపం చదివేవాడిదే అన్నట్టు! మావెరిక్ సరిగ్గా దీన్ని తిరగేశాడు. అర్థం కాకపోతే సిగ్గుపడాల్సింది మీరు కాదు, రాసినవాళ్లు అన్నదే ఆయన మాటల సారం.

ఆ పనికి నవ్వొచ్చే మాట కావడమే మేలైంది. 1952లో మిల్టన్ స్మిత్ అనే లాయరు, అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో పనిచేసేవాడు, ఇదే జబ్బుకు 'బ్యాఫిల్‌గ్యాబ్' అని పేరు పెట్టాడు. తికమకపెట్టే వాగుడు అని దాని అర్థం, తెలివిగా అతికించిన మాటే. అది ఇప్పుడు ఎంతమంది నోట వినబడుతోంది? బ్యాఫిల్‌గ్యాబ్ ఆ జబ్బును వర్ణిస్తుంది. గాబుల్డీగూక్ దాని గొంతును అనుకరిస్తుంది. పెద్ద పదవిలో ఉన్నవాళ్లు 'మీ భాష క్లిష్టంగా ఉంది' అంటే పట్టించుకోరు, పైగా పొగడ్తగా తీసుకునేవాళ్లూ ఉన్నారు. టర్కీ కోడిలా అరుస్తున్నారు అంటే మాత్రం తట్టుకోవడం కష్టం.

తర్వాత తర్వాత ఈ కోపానికి చట్టం కూడా తోడొచ్చింది. 2010 అక్టోబర్ 13న అమెరికాలో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ మీద ఒబామా సంతకం చేశాడు. ప్రజల కోసం ఫెడరల్ సంస్థలు రాసే ఫారాలు, ఉత్తరాలు, సూచనలు స్పష్టంగా, పొందికగా, చదివేవాళ్లకు తగినట్టు ఉండాలని అది చెబుతుంది. సంతోషించాల్సిందే. అయితే ప్రభుత్వ నియమ నిబంధనలు ఆ చట్టం కిందికి రావు. ఒక సంస్థ దాన్ని పాటించకపోతే కోర్టుకెళ్లే వీలు కూడా లేదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అంటే అర్థం కాని ఫారం చేతికొస్తే పౌరుడు చేయగలిగింది ఇప్పటికీ గట్టిగా అడగడమే.

అలా అడిగినవాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి క్రిస్సీ మేహర్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పేద కుటుంబంలో పుట్టింది. టీనేజ్ వయసు వచ్చేదాకా ఆమెకు చదవడం రాదు. 1979లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో, జనానికి అర్థం కాని ప్రభుత్వ ఫారాలను వందల కొద్దీ తెచ్చి అందరి ముందూ ముక్కలు చేసి, ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ మొదలుపెట్టింది. పోలీసు వచ్చి, అక్కడి నుంచి కదలమని చెప్పడానికి 1839 నాటి మెట్రోపాలిటన్ పోలీసు చట్టంలోని సాగుడు వాక్యాన్ని ఊపిరి బిగబట్టి చదివాడు. ఆమె అంతా విని, 'ఈ గాబుల్డీగూక్‌కు అర్థం మేం వెళ్లిపోవాలనేనా?' అని అడిగింది.

ఆమె ఆ పోలీసును ఏమీ అనలేదు. అతని చేతిలో ఉన్న వాక్యాన్ని అంది. ఆ వాక్యం రాసినవాళ్లు అప్పటికి 140 ఏళ్ల వెనక ఉన్నారు. అతను చదివి వినిపించాల్సిన పనిలో ఉన్నవాడు, అంతే. కౌంటర్లో కూర్చుని మనకు ఫారం అందించే మనిషి కూడా అంతే. హెల్ప్‌లైన్‌లో స్క్రీన్ మీద కనబడే వాక్యాన్ని చదివే అమ్మాయి కూడా అంతే. వాళ్ల మీద అరిస్తే ఏ వాక్యమూ మారదు. ఇది రాసింది ఎవరు, దీనర్థం ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి అని పైకి పంపితే మాత్రం ఎక్కడో ఒక రివ్యూ మీటింగ్‌లో ఆ వాక్యం మళ్లీ బల్ల మీదికి వస్తుంది. నేను అలాంటి మీటింగుల్లో కూర్చుంటాను. బయటి నుంచి అలాంటి ప్రశ్న వచ్చిన రోజున నా మాటకు అక్కడ ఎంతో బలం పెరుగుతుంది.